తువాలు కింద

తువాలు ఉతకడం నా పని.
సంత ముందురోజు రాత్రి నానబెట్టి
తెల్లారేలోగా ఆరబెట్టి అబ్బా భుజాన వేసేదాన్ని.
చాయ మరకలు పోయేవి,
ఆవుల వాసన పోయేది కాదు.

పలమనేరు పశువుల సంతలో ధర నోటితో చెప్పరు.
అమ్మేవాడి చేతిమీద ఒకసారి, కొనేవాడి చేతిమీద ఒకసారి
అబ్బా తువాలు కప్పుతాడు,
ఇక వేళ్లే మాట్లాడతాయి.
ఒక వేలు పట్టుకుంటే వెయ్యి,
పిడికిలంతా పట్టుకుంటే అయిదు,
అరచేతిలో గోటితో గీరితే అయిదొందలు.
చెయ్యి వదిలేస్తే, ఇంటికి పొమ్మని.

ఆ రోజు సోదం కదిరప్ప సీమావును తోలుకొచ్చినాడు.
రెండో ఈత. నొసట తెల్లమచ్చ.
పేర్నంబట్టు ఏళుమలై పొదుగు నొక్కి, పళ్లు లెక్కబెట్టి,
తోకెత్తి కూడా చూసినాడు.
బేరం నిదానంగా పైకి పాకతా ఉంటే
కదిరప్ప నోరు జారినాడు:
"బోరు మోటారు కాలిపోయిండాది. దుడ్డు అవసరం సామీ."

తువాలు కింద ఏళుమలై రెండు వేళ్లు ముడుచుకున్నాడు.
తలాడిస్తా అన్నాడు:
"ఎనక్కు అవసరం ఇల్లే."

కదిరప్ప మొహం ఎర్రగడ్డ తొక్క మాదిరి అయింది.
"అవసరం లేనోడివి
మా ఆవు పళ్లెందుకు లెక్కబెడితివి?"
గుంజకు కట్టిన పగ్గం విప్పేసినాడు.
"ఎన్న కోవం?" అన్నాడు ఏళుమలై నావైపు చూసి,
నిజంగానే తెలియక.

జనం మూగినారు.
అరవోళ్లంతా ఇంతేనని ఒకడు,
తెలుగోళ్లకు ముక్కుమీదే కోపమని ఇంకొకడు.
ఒక పగ్గాన్ని రెండు రాష్ట్రాలు పట్టుకుని లాగినాయి.

నాకప్పుడు పదమూడేళ్లు.
ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు,
పక్కింటి సెల్వితో గచ్చకాయలాడేది అరవంలో.
నేను ఆత్రంగా కాయ ఎగరేస్తే
"అవసరప్పడాదే" అనేది సెల్వి.
వాళ్లు తొందరను అవసరం అంటారు!
కదిరప్ప అక్కర చెప్పుకుంటే
ఆయనకు ఆత్రం వినబడింది.
ఆయన నాకేం తొందరలేదంటే
ఈయనకు చీదరింపు వినబడింది.

గబుక్కున నోరు తెరిచినా.
అబ్బా చెప్పుకాలితో నా పాదం తొక్కినాడు.

చాయ తెప్పించినాడు. ఆవుకు కుడితి పెట్టించినాడు.
తప్పెవరిదని అడగలేదు.
మోటారు ఎట్ల కాలిందని అడిగినాడు,
ఎండుతున్న టమోటా తోట సంగతి
ఏళుమలైకి ఆయన భాషలో తీరిగ్గా చెప్పినాడు.
పోయిన ఎండాకాలం తన మోటారూ కాలిందని
ఆయన చాయ ఊదుకుంటా అన్నాడు.
మళ్లీ తువాలు పడింది.
ఆ మాట ఎవరూ మళ్లీ అనలేదు.
తువాలు తీసేసరికి పగ్గం చేతులు మారింది,
ఎంతకో నాకిప్పటికీ తెలీదు.

"ఎందుకు చెప్పనీలేదబ్బా?"
"చెప్పింటే తెలివి నీకు మిగిలేది,
ఆవు ఆయనకే మిగిలేది.
నలుగురిలో తప్పు దొరికినోడు
బేరం చెయ్యడు బేటీ."

ఇప్పుడు ఆ తువాలు నా భుజాన ఉంది.
ఆడదాని వేళ్లు పట్టుకోవడానికి మొదట్లో వెనకాడినారు.
నేను చింతగింజలు పెట్టినా తువాలు కింద.
వేలికి బదులు గింజ.
బేరం తెగినాక ఎవరి గింజలు వాళ్లు జేబులో వేసుకుపోతారు,
ప్రతి సంతకూ కొత్తవి తేవాల్సిందే.

అంతా వచ్చినట్టే.
చిచ్చా ఇంటికీ మా ఇంటికీ నడిమి గోడ ఒకటుంది.
దానికోసం అబ్బా, చిచ్చా మాట్లాడుకోక పదకొండేళ్లు.
ఇద్దరిదీ ఒకటే ఉర్దూ, ఒకటే మసీదు, ఒకటే దస్తావేజు.
ఒక్క మాటా తప్పుగా వినబడలేదు.
అదే చిక్కు.

రాత్రిపూట తువాలు ఆ గోడమీదే ఆరేస్తా.
సగం అవతలికి వేలాడతాది.
తెల్లారి చూస్తే
గాలికి పోకుండా ఎవరో
అవతలి కొసమీద రాయి పెట్టి ఉంటారు.

అబ్బాకు చెప్పలేదు.
చెప్పను.